మూత తీయని గిన్నె

శశిభూషణ్ సంచీ అమ్మాజీయే సర్దింది. నేను సర్దుకుంటానక్కా అని వాడు రెండుసార్లు అన్నా వినిపించుకోలేదు. మంచం మీద దుప్పటి పరిచి చొక్కాలు, ప్యాంట్లు, లుంగీలు, కాశీ తువ్వాలు అన్నీ కుప్ప పోసుకుని, ఒక్కొక్కటే మడత పెట్టి లోపలికి దించింది. చెప్పుల జత పాత పేపర్లో చుట్టి అడుక్కి తోసింది. మాగాయ సీసాకి మూత బిగించి, మూత మీద ప్లాస్టిక్ కాగితం వేసి, రబ్బరు బ్యాండు చుట్టి, దాని మీద నమ్మకం చాలక పురికొస కూడా కట్టింది.

"మాగాయ ఎందుకక్కా. రైల్లో కారితే చొక్కాలన్నీ పాడు."

"కారదు."

"పోయినసారి కూడా కారదనే అన్నావు."

"పోయినసారి పురికొస కట్టలేదు."

తర్వాత బీరువా పై అరలోంచి స్వెట్టరు తీసింది. అప్పటికింకా జూలై నెల. రాజమండ్రిలో ఉక్కకి గోడలు కూడా చెమటలు పడుతున్నాయి. స్వెట్టరు చేత్తో పట్టుకుని తమ్ముడి మొహంలోకి చూసింది. నాలుగు రోజులకి స్వెట్టరెందుకని అడుగుతాడేమో, అడిగితే నవ్వేసి మళ్ళీ బీరువాలో పెట్టేద్దామని ఆవిడ ఆశ. వాడు అడగలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఊరుకున్నాడు. స్వెట్టరు సంచీలోకి వెళ్ళింది. ఇది నాలుగు రోజుల ప్రయాణం కాదని అమ్మాజీకి అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళకొస్తావురా?"

"తేలాక వస్తాను."

"తేలకపోతే?"

"తేలకపోతే ఆ కాలేజీ గేటు ముందునుంచి పోయే బస్సు కూడా ఎక్కను. దొంగ అనిపించుకుని ఈ వీధిలో పాలపాకెట్టు కొనుక్కోవడానికి కూడా దిగలేనక్కా."

అమ్మాజీ మునిసిపల్ స్కూల్లో టీచరు. పెళ్ళయిన మూడో ఏడే భర్త పోయాడు. తల్లి పోయినప్పుడు శశిభూషణ్ ఇంకా నిక్కర్లు వేసుకుని బడికెళ్తున్నాడు. అప్పటినుంచి వాడికి అక్కయినా అమ్మయినా ఆవిడే. దానవాయిపేటలో అద్దె ఇల్లు. వాడు కంప్యూటర్ చదువు చదివి, హైవే మీద పొలాల మధ్య కట్టిన ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. కాలేజీ మొత్తానికి ఉత్తరాలు మోసే కంప్యూటరు ఒకటుంది. దాన్ని మెయిల్ సర్వరు అంటారు. దాన్ని చూసుకోవడమే వాడి ఉద్యోగం. ఆ గది తాళంచెవి వాడి జేబులో, పాస్‌వర్డు వాడి బుర్రలో ఉండేవి.

ఆ జూన్‌లో పిల్లలకి మిడ్ పరీక్షలు పెట్టారు. ప్రశ్నపత్రాలు లెక్చరర్లు ప్రిన్సిపాలు గారికి మెయిల్లో పంపారు. పరీక్ష ముందురోజుకే అవి హాస్టల్లో జెరాక్సు కాపీలై తిరిగాయి. ఎలా బయటికొచ్చాయని వెతికారు. సర్వరు తను చేసే ప్రతి పనినీ వరసగా రాసిపెట్టుకుంటుందట. అందులో చూస్తే, ప్రిన్సిపాలు గారి పెట్టె తెరిచింది ఎవరో కాదు, సర్వరు నడిపే మనిషేనని ఉంది. సర్వరు నడిపే మనిషి శశిభూషణ్. కమిటీ వేశారు. కమిటీ ముందు వీడు, నేను తెరవలేదండి అన్నాడు. మరెవరు తెరిచారయ్యా అంటే చెప్పలేకపోయాడు. విచారణ పూర్తయ్యేదాకా రావద్దన్నారు. విచారణ ఎప్పుడు పూర్తవుతుందో ఎవరూ అనలేదు.

వాడు బయల్దేరింది పుష్కరాల ముందు వారం. స్టేషన్లో దిగే జనమే గానీ ఎక్కే జనం లేరు. బిందెలు, మూటలు, ముసలమ్మలు, చంకల్లో పిల్లలు, ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఆ గుంపుకి ఎదురీదుతూ అక్కాతమ్ముళ్ళిద్దరూ బోగీ దాకా వెళ్ళేసరికి ఒక కూలీ ఆగి, "అదేంటి బాబూ, లోకమంతా మునకలెయ్యడానికొస్తుంటే తమరు ఎదురెళ్తున్నారు?" అన్నాడు. శశిభూషణ్ నవ్వాడు. ఆ ఊళ్ళో వాడు నవ్వడం నెలరోజుల్లో అదే మొదలు. బరంపురంలో క్లాసుమేటు కంప్యూటర్ షాపు పెట్టాడు, అక్కడికి వాడి ప్రయాణం. రైలు కదిలాక అమ్మాజీ చెయ్యూపలేదు. వీడ్కోలు చెప్పేటప్పుడు చెయ్యూపితే మనిషి తిరిగిరాడని ఆవిడకో నమ్మకం. భర్తకి ఊపింది.

*

పక్కిల్లు భాస్కరం గారిది. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాడు. అమలాపురం దగ్గర పల్లెనుంచి వచ్చి ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకున్న మనిషి. ఖాళీగా కూర్చోవడం చేతగాక మేడ మీద గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి కంపెనీ తెరిచాడు. వాళ్ళు తయారుచేసిన మెయిల్ సాఫ్ట్‌వేరు పేరు 'కబురు'. కడియం నర్సరీల వాళ్ళూ, రెండు మూడు కాలేజీలూ, ఒక రొయ్యల కంపెనీ దాన్ని కొన్నాయి. శశిభూషణ్ చూసుకునే సర్వరులో ఉన్నదీ అదే. దాన్ని రాసింది మాత్రం ఆయన కాదు, మేనకోడలు ఫణిశ్రీ. తల్లీతండ్రీ లేని పిల్ల. టెన్త్ నుంచీ మావయ్య ఇంట్లోనే పెరిగింది, ఎం.సి.ఎ. చదివింది. రోజంతా మేడ మీదే ఉండేది. కిందికొస్తే కాఫీకి, లేకపోతే గిన్నెలివ్వడానికి.

గిన్నెల సంగతి చెప్పాలి. ఆ రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద రోజూ ఏదో ఒక గిన్నె అటో ఇటో దాటేది. అమ్మాజీ కందబచ్చలి పంపితే భాస్కరం గారి భార్య సంపూర్ణమ్మ అదే గిన్నెలో దప్పళమో, చలిమిడో వేసి తిప్పి పంపేది. ఆ వీధిలో ఖాళీ గిన్నె పంపడమన్నది లేదు. అది అమంగళం. గిన్నెలు కలిసిపోకుండా కొట్లో కొన్నరోజే చుక్కల అక్షరాలతో పేరు కొట్టించుకుంటారు. గిన్నె మీద తన పేరుంటే చాలు, లోపలేముందని ఎవరూ మూత తీసి గుమ్మంలో చూడరు. అలా చూస్తే ఇచ్చినవాళ్ళని అవమానించినట్టే. తిన్నగా వంటింట్లోకి, అక్కణ్ణుంచి కంచంలోకి.

కమిటీ నాడు కాలేజీవాళ్ళు భాస్కరం గారిని కూడా పిలిచారు. 'తాళం ఉన్నవాడు తీస్తే తప్ప ఇంకొకరి పెట్టె తెరుచుకోదండి. మా దాంట్లో రెండో దారి లేదు' అని ఆయన చెప్పి వచ్చాడు. అబద్ధం చెప్పలేదు, నమ్మిందే చెప్పాడు. కానీ ఆ మాటతో శశిభూషణ్ పని అయిపోయింది.

ఆ రోజునుంచి గిన్నెలు ఆగిపోయాయి. అమ్మాజీ గిన్నె ఒకటి వాళ్ళింట్లో, సంపూర్ణమ్మ గిన్నె ఒకటి వీళ్ళింట్లో ఉండిపోయాయి. ఖాళీగా పంపడానికి ఆచారం ఒప్పదు, నింపి పంపడానికి మనసొప్పదు.

పుష్కరాలయ్యాయి, వినాయకచవితి, దసరా, దీపావళి కూడా అయ్యాయి. శశిభూషణ్ ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. ఏం తిన్నావురా అంటే అన్నమే అనేవాడు. షాపులో పని బానే ఉందనేవాడు. కాలేజీ మాట అడిగేవాడు కాదు. ఒకసారి మాత్రం, క్లాసుమేటు సంబల్‌పూర్‌లో ఇంకో షాపు పెడుతున్నాడనీ, అక్కడికెళ్ళి చూసుకోమంటున్నాడనీ చెప్పాడు. "అదెక్కడుందిరా?" అంటే "ఇంకా లోపలికక్కా" అన్నాడు. అమ్మాజీ స్కూల్లో అట్లాసు తీసి చూసింది. గోదావరి నుంచి వేలు పెట్టి పైకి జరుపుకుంటూ పోతే ఎప్పటికో ఆ ఊరు తగిలింది. బరంపురమంటే ఒక్క రైలు. ఆ తర్వాత ఇంకో రైలు, ఇంకో ఊరు, అలా అలా మనిషి చేతికందకుండా పోతాడు. ఆవిడకి ఆ భయం పట్టుకుంది. కందిపప్పు వేయిస్తూ మాడ్చేస్తోంది, పిల్లల పేర్లు మర్చిపోతోంది.

*

కార్తీకమాసంలో ఒక శనివారం మధ్యాహ్నం ఫణిశ్రీ వీధి గుమ్మంలోంచి వచ్చింది. చేతిలో అమ్మాజీ గిన్నె, దాని మీద మూత ఉన్నాయి.

"ఇదేంటమ్మా, ఇన్నాళ్ళకి?"

"పులిహోరండి. నేనే కలిపాను. ఉప్పు తక్కువైందని అత్తయ్య తిట్టింది."

అమ్మాజీ గిన్నె అందుకుని అలవాటుగా వంటింటివైపు తిరిగింది. ఫణిశ్రీ అక్కడే నిలబడి, "పిన్నిగారూ, శశిభూషణ్ గారు ఆ పని చెయ్యలేదండి" అంది.

"అది నాకు తెలుసు. నీకెలా తెలిసింది?"

"రెండో దారి ఉంది. ఆ దారి నేనే వదిలేశాను."

అమ్మాజీ గిన్నె బల్ల మీద పెట్టి కుర్చీ చూపించింది. పిల్ల కూర్చోలేదు. అమ్మాజీయే కూర్చుంది.

"నాకర్థమయ్యేలా చెప్పు తల్లీ. కంప్యూటరు భాషలో కాదు."

"మెయిల్ చూసుకోడానికి ఒక మనిషి వచ్చాడనుకోండి. పేరు, పాస్‌వర్డు చెప్తాడు. సర్వరు సరే లోపలికి రా అంటుంది. అలా వందమంది వస్తే అందర్నీ గుర్తుపెట్టుకోవడం దానికి బరువు. అందుకని నేనేం చేశానంటే, ఫలానా మనిషి, ఫలానా పెట్టె, ఇంతవరకూ చూశాడు అని ఆ వివరాలన్నీ మూట కట్టి ఆ మనిషి కంప్యూటరుకే ఇచ్చేస్తాం. అతను మళ్ళీ ఏది నొక్కినా ఆ మూట తిరిగి మా దగ్గరికొస్తుంది. మేం విప్పుకుని పని సాగిస్తాం."

"బాగానే ఉందిగా."

"బాగానే ఉందనుకున్నానండి. మూట మేం కట్టి పంపిందే కదా అని, విప్పేముందు లోపలున్నది మేం పెట్టిందేనా కాదా అని చూడలేదు. దారిలో ఎవరో అందులో ఉన్నది తీసేసి వాళ్ళది పెట్టి పంపినా, మేం అలాగే విప్పేస్తాం. విప్పడంతోనే అందులో ఏం రాసుంటే అది సర్వరు చేసేస్తుంది. ప్రిన్సిపాలు గారి పెట్టె తెరిచి ఇవ్వు అని రాసుంటే తెరిచి ఇచ్చేస్తుంది. తెరిచేది సర్వరు చెయ్యే కాబట్టి, సర్వరు నడిపే మనిషి తెరిచినట్టు పడుతుంది."

అమ్మాజీ బల్ల మీదున్న గిన్నెవైపు చూసింది. "గిన్నె మనదేగా అని తినేసినట్టు."

"అంతేనండి. పేరు గిన్నె మీద ఉంటుంది గానీ లోపలున్న కూర మీద ఉండదు కదా."

"మరి చూసుకోవాలని నీకు తోచలేదా అమ్మా?"

"ఇంటికొచ్చిన గిన్నె మూత తీసి వాసన చూడ్డం నాకెవరూ నేర్పలేదండి" అంది ఫణిశ్రీ. అందులో వెటకారం లేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

ఎలా తెలిసిందంటే, తనతో చదువుకున్న ప్రసన్నకుమారి అనే పిల్ల పూణేలో ఒక పెద్ద కంపెనీలో ఉంది. వాళ్ళ సాఫ్ట్‌వేరులో ఇలాంటి తప్పే పట్టుకున్నారట. నీదీ ఒకసారి చూసుకోవే అని రాసింది. ఫణిశ్రీ చూసుకుంది. ఆ సాయంత్రమే మావయ్యకి చెప్పింది. ఆయన దిద్దమన్నాడు. దిద్దింది. సీడీలు చేసింది. జీవరాజు అనే ఆయన వాళ్ళ కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగి బిగించి వస్తాడు. ఆయన నర్సరీలకీ, రొయ్యల కంపెనీకీ, మిగతా కాలేజీలకీ వెళ్ళి కొత్త వెర్షన్ అని చెప్పి మార్చేసి వచ్చాడు. ఎందుకు మారుస్తున్నారో ఎవరికీ చెప్పలేదు.

"ఆ ఒక్క కాలేజీ మిగిలింది పిన్నిగారూ. సోమవారం జీవరాజు గారు వెళ్తారు."

"మంచిదేగా."

"వెళ్ళి మార్చేస్తే దారి మూసుకుపోతుందండి. మూసుకుపోయాక, ఇక్కడో దారి ఉండేది అని నేను ఎంత చెప్పినా చూపించడానికేం ఉండదు. మావయ్య లేదంటాడు. శశిభూషణ్ గారి మీద పడ్డది అలాగే ఉండిపోతుంది."

అమ్మాజీ గోడ మీద క్యాలెండరు చూసింది. "జీవరాజు వెళ్ళేలోపు నువ్వెళ్ళి చూపిస్తే?"

"చూపించగలను. మావయ్య ఇంట్లో ఉండి చూపించలేను. మీరు చెప్పండి, ఏం చెయ్యమంటారో."

ఇరవయ్యారేళ్ళ పిల్ల అంత మాట అమ్మాజీ చేతిలో పెట్టి నిలబడింది. "ముందు నేను మీ మావయ్యతో మాట్లాడతాను" అంది. ఆయనే వెళ్ళి చెప్తే ఈ పిల్లకి ఇల్లు దక్కుతుంది, తనకి తమ్ముడు దక్కుతాడు. అందరూ దక్కే దారి అదొక్కటే.

*

ఆదివారం పొద్దున్న భాస్కరం గారు అరుగు మీద పేపరు చదువుతున్నాడు. అమ్మాజీని చూసి లేచి నిలబడ్డాడు. మర్యాద తెలిసిన మనిషి.

"రండి టీచరుగారు. ఏమే సంపూర్ణం, కాఫీ."

"కాఫీ వద్దండి. ఫణిశ్రీ చెప్పింది."

ఆయన పేపరు మడత పెట్టాడు. ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టేవాడు, ఆ రోజు ఇంకా చిన్నదయ్యేదాకా మడుస్తూనే ఉన్నాడు. "చెప్తుందనుకున్నాను" అన్నాడు.

"మీరొక్కసారి కాలేజీకి వెళ్ళి చెప్తే చాలు. వాడు దొంగ కాడని."

"ఇలాంటివి బయటికి చెప్పకూడదండి అమ్మాజీ గారూ. చెప్తే తెలియని వెధవలకి కూడా తెలిసిపోతుంది. తాళం చెడిపోయిందని వీధిలో దండోరా వేస్తామా?"

"మిగతా తాళాలన్నీ మార్చేశారటగా. ఇంక ఏ వెధవకి తెలిస్తే ఏంటి?"

లోపల్నుంచి సంపూర్ణమ్మ, "చెప్పండి, ఆవిడ అడిగినదానికి" అంది. ఆయన లోపలికి చూసి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఏడుగురు పెద్దమనుషుల ముందు కూర్చుని రెండో దారి లేదని చెప్పానండి. ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. నా మాట మీద ఆ కుర్రాణ్ణి పంపేశారు. ఇప్పుడు వెళ్ళి, అయ్యా ఉంది, మా ఇంటిదే ఆ తప్పు అంటే, రేపటినుంచి ఈ ఊళ్ళో నా మాట ఎవడు నమ్ముతాడు? మీ తమ్ముడికి ఇంతకంటే మంచి ఉద్యోగం నేను చూపిస్తాను. విశాఖపట్నంలో నా స్టూడెంట్లున్నారు. రేపే ఫోను చేస్తాను."

"వాడికి ఉద్యోగం ఉందండి. పేరే లేదు."

"కాలం గడిస్తే అందరూ మర్చిపోతారు."

"వాడు మర్చిపోడు. ఇంకా లోపలికి వెళ్ళిపోతానంటున్నాడు."

ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. మేడ మెట్ల మీద ఫణిశ్రీ నిలబడి ఉంది, ఎప్పుడు వచ్చిందో. భాస్కరం గారు పైకి చూడకుండానే మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"ఫణీ, నువ్వు చిన్నపిల్లవి కాదు. వెళ్తానంటే నేను కాళ్ళు కట్టెయ్యను. కానీ రేపు ఆ కాలేజీకి వెళ్తే అక్కణ్ణుంచి మళ్ళీ ఇక్కడికి రాకు. కోపంతో అనడం లేదు. నువ్వు ఎదురుగా తిరుగుతుంటే నేను భరించలేను."

"సరే మావయ్యా" అంది ఫణిశ్రీ.

అమ్మాజీ అరుగు దిగింది. దిగుతూ ఆ పిల్లవైపు చూసింది. వద్దు తల్లీ, నీ ఇల్లు నీకుండనీ అని ఒక్కమాట అంటే ఆ పిల్ల ఆగిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాని వెనకే సంబల్‌పూర్ వచ్చింది. అమ్మాజీ ఆ మాట అనకుండా ఇంటికెళ్ళింది.

పిట్టగోడ అవతల జీవరాజు స్కూటరు తుడుస్తున్నాడు. సీడీలు అందుకోవడానికి వచ్చాడు కాబోలు. యాభయ్యేళ్ళ మనిషి, మొహంలో నవ్వు తప్ప ఇంకేం కనపడనివ్వడు.

"టీచరుగారండీ, రేపు పొద్దున్నే కాలేజీకి వెళ్ళమన్నారండి అయ్యగారు. నాకేమో పిప్పిపన్ను పీకేస్తోందండి."

"అయ్యో, ఎప్పట్నుంచి?"

"రేపు పొద్దున్నుంచండి" అన్నాడు జీవరాజు. "పన్ను డాక్టరు దగ్గర ఎంత జనం ఉంటారో మీకు తెలియందేముంది. మధ్యాహ్నం అయిపోతుందండి కాలేజీకెళ్ళేసరికి."

*

సోమవారం పొద్దున్న ఫణిశ్రీ, అమ్మాజీ బస్సులో వెళ్ళారు. దారంతా అమ్మాజీ టిక్కెట్టు గుప్పిట్లో నలుపుతూనే ఉంది. ప్రిన్సిపాలు పెద్దిరాజు గారు మంచివాడే గానీ తొందర మనిషి. వాచీ చూసుకుంటూ, "టీచరుగారూ, విచారణలో ఉన్న విషయం నేను మాట్లాడకూడదండి" అన్నాడు.

"మాట్లాడొద్దండి. చూడండి చాలు" అంది అమ్మాజీ.

ఫణిశ్రీ తను ఎవరో చెప్పింది. "సార్, మీ పాస్‌వర్డు నాకు చెప్పకండి. ఈ కాలేజీలో ఎవరిదైనా ఒక స్టూడెంటు పేరు మీద లోపలికెళ్తాను. ఎవర్నైనా పిలవండి."

లైబ్రరీలో ఉన్న ఒక ఆడపిల్లని పిలిపించారు. ఆ అమ్మాయి తన పేరు, పాస్‌వర్డు కొట్టింది. తెర మీద ఆ అమ్మాయి ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత కుర్చీలో ఫణిశ్రీ కూర్చుంది. సర్వరు ఇచ్చిన మూట తీసుకుంది, అందులో తనది పెట్టింది, తిప్పి పంపింది. అమ్మాజీకి కనపడ్డది వేళ్ళు కదలడమే. సర్వరు మూట విప్పింది. తెర ఒకసారి తెల్లగా అయి, మళ్ళీ అక్షరాలు వచ్చేసరికి అవి ఆ అమ్మాయి ఉత్తరాలు కావు.

పెద్దిరాజు గారు ముందుకి వంగాడు. మేనేజిమెంటు వాళ్ళు రాసినవి, లెక్చరర్లు సెలవడుగుతూ రాసినవి, ఆయన వియ్యంకుడు అన్నవరంలో వ్రతానికి రమ్మని రాసింది, అన్నీ ఆయన పెట్టెలోవే.

"చాలమ్మా" అన్నాడు ఆయన. స్టూడెంటుని బయటికి పంపేశాడు.

"ఇంకొక్కటి చూడాలి సార్" అంది ఫణిశ్రీ. సర్వరు రాసుకున్న వరస తెప్పించి చివర వేలు పెట్టింది. అందులో స్టూడెంటు పేరు లేదు, ఫణిశ్రీ పేరూ లేదు. సర్వరు నడిపే మనిషి ప్రిన్సిపాలు పెట్టె తెరిచాడని ఉంది. జూన్‌లో కమిటీ ముందు పెట్టింది అక్షరం తేడా లేకుండా ఆ మాటే.

పెద్దిరాజు గారు ఆ వరస మళ్ళీ చదివాడు.

"ఇప్పుడు శశిభూషణ్ ఎక్కడున్నాడు?" అన్నాడు.

"ఒరిస్సాలోనండి" అంది అమ్మాజీ.

"అంటే ఇది తెరిచినవాడు ఊళ్ళో ఉండక్కర్లేదు, తాళంచెవీ ఉండక్కర్లేదు."

"మెయిల్ చూసుకోగలిగిన వాళ్ళెవరైనా చెయ్యొచ్చు సార్. ఎవరు చేశారో నేను చెప్పలేను. ఆయనే చేసుండాలని మాత్రం ఇంకెవరూ అనలేరు. తప్పు సాఫ్ట్‌వేరుది. రాసింది నేను."

పెద్దిరాజు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ మావయ్యగారు ఆ రోజు..." అని ఆగిపోయాడు. ఫణిశ్రీ, "మావయ్యకి అప్పటికి తెలియదు సార్. ఎవరికీ తెలియదు" అంది. ఆ ఒక్కమాటే అమ్మాజీకి తర్వాత చాలా రోజులు గుర్తుండిపోయింది. ఇల్లు వదులుకుని వచ్చిన పిల్ల, ఆ ఇంటి మనిషి పరువు మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం దాకా మెయిల్ ఆపేశారు. భోజనాల వేళకి జీవరాజు బుగ్గలో దూది పెట్టుకుని వచ్చాడు. పన్ను ఉందో లేదో ఎవరూ అడగలేదు. సీడీ పెట్టి పని ముగించాడు. ఫణిశ్రీ పక్కన నిలబడి, మళ్ళీ ఆ మూట పంపి చూసింది. ఈసారి సర్వరు విప్పలేదు.

*

ఫణిశ్రీ తిన్నగా అమ్మాజీ ఇంటికే వచ్చింది. ఆ సాయంత్రం సంపూర్ణమ్మ పిట్టగోడ మీంచి బట్టలు, సర్టిఫికెట్లు అందించింది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది. భాస్కరం గారు అరుగు మీద కూర్చోవడం మానేశాడు.

బుధవారం కాలేజీనుంచి కబురొచ్చింది. విచారణ ముగిసిందనీ, ఏ తప్పూ లేదనీ, వచ్చి చేరమనీ. అమ్మాజీ ఎస్టీడీ బూతుకెళ్ళి బరంపురం చేసింది. శశిభూషణ్‌కి కబురంతా చెప్పింది. మీటరు తిరిగిపోతోంది.

"ఎవరు చెప్పారక్కా?"

"ఫణిశ్రీ. తప్పు తనదేనని."

"ఆ మాట తనంతట తను చెప్పిందా? ఎవరూ అడక్కుండా?"

"నేను వద్దనలేదురా" అంది అమ్మాజీ. వాడికది అర్థమైందో లేదో ఆవిడకి తెలియదు.

శుక్రవారం పొద్దున్న వాడు దిగాడు. చిక్కిపోయాడు, చెంపలు లోపలికి పోయాయి, కానీ నడక మునుపటిలాగే ఉంది. వీధి మధ్యలోంచి నడిచి వచ్చాడు. పాలపాకెట్టు కూడా వాడే కొనుక్కొచ్చాడు. ఫణిశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"మీ సాఫ్ట్‌వేరులో ఉన్న కన్నం ముందే నేను రోజూ కూర్చున్నాను. ఒక్కనాడు కనిపెట్టలేకపోయాను. అంత గొప్ప ఇన్‌ఛార్జినండి నేను" అన్నాడు శశిభూషణ్.

"రాసినదాన్ని నేనే కనిపెట్టలేదు. మీరెలా కనిపెడతారు?" అంది ఫణిశ్రీ. "మాగాయ ఉందా ఇంకా? పిన్నిగారు మీకిచ్చి పంపాక ఇంట్లో ముక్క లేదు."

"కారిపోయింది. నా చొక్కాలడగండి, చెప్తాయి."

రెండు రోజులూ ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, మూటలూ తాళాలూ గురించే. అమ్మాజీ వింటూ కూరలు తరుగుకుంది. ఉండిపోవచ్చుగా అని అడగాలని నాలుగుసార్లు అనుకుంది. ఇల్లు పోగొట్టడానికి తోడు వెళ్ళిన మనిషే, మా ఇంట్లో ఉండమని ఏ మొహంతో అడుగుతుంది. పైగా గోడ అవతల మావయ్య. రోజూ ఆ దగ్గు వినపడుతుంటే ఆ పిల్లయినా ఎలా ఉంటుంది. పూణేలో ప్రసన్నకుమారి రమ్మంది, కంపెనీలో చూస్తానంది. టిక్కెట్టు కూడా తీసేసుకుందని శనివారం చెప్పింది.

శశిభూషణ్ స్టేషన్ దాకా వెళ్ళాడు. అమ్మాజీ వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. వాడు సోమవారం కాలేజీలో చేరాడు, తర్వాత చాలా ఏళ్ళు అక్కడే పనిచేశాడు. ఫణిశ్రీ ఆ తర్వాతి మూడేళ్ళలో రెండుసార్లు ఫోను చేసింది, పెళ్ళి చేసుకున్నానని ఒకసారి, పాప పుట్టిందని ఒకసారి. రెండుసార్లూ సంపూర్ణమ్మ పిట్టగోడ దగ్గరికొచ్చి, ఎలా ఉందట అని అడిగింది. భాస్కరం గారు అడగలేదు.

ఫణిశ్రీ రాజమండ్రి నుంచి వెళ్ళింది 2003 నవంబరు పదహారో తారీఖు, ఆదివారం. మళ్ళీ రాలేదు.